అసలు పాట – కొసరు పరికరములు



అంగడిలో బెల్లమో బియ్యమో తూచి యిచ్చిన పిదప "కొసరు వేయుము" అని యడుగుట మన పెద్దలకు పరిపాటి. తూకమునకు పైన పిడికెడు వచ్చినచో సంతోషము. రాకున్నను అసలునకు లోటు లేదు. కాని కొసరు మీది యాసతో అసలు తూకమును చూచుకొననివాడు నష్టపడును. ఈ నీతి అంగడికే కాక, నేడు కంప్యూటరు మీద జరుగుచున్న సంగీత వ్యవహారమునకును చెల్లును. ఆ సంగతియే ఈనాటి నా ప్రసంగ విషయము.

పాటను కంప్యూటరులో రికార్డు చేసి, కూర్చి, తీర్చిదిద్దుటకు ప్రత్యేకమైన సాఫ్టువేరులు కలవు. వానికి ప్లగిన్నులను చిన్న చిన్న పరికరములు తగిలింపబడును. ప్లగిన్నులలో అనేక జాతులున్నవి. ఒకచోట పనిచేయు జాతి మఱియొకచోట పనిచేయదు. కొన్ని ప్లగిన్నులు సాఫ్టువేరుతో పాటు ఊరకే వచ్చును, అవియే కొసరు. ఇది పట్టణములలోని స్టూడియోవారి గొడవ గదా, పల్లెటూరి పెద్దలమగు మనకు దీనితో నేమి పని యని మీరు తలపవచ్చును. నేడు మన యూళ్లలో భజన కీర్తనలను, ఒగ్గు కథలను, బతుకమ్మ పాటలను, పెండ్లి పాటలను మన పిల్లలే తమ యింటి గదులలో రికార్డు చేయుచున్నారు. ఆ పాటలు పదేండ్లకు మరల వినబడునా లేదా యనునది చాలవఱకు ఈ ప్లగిన్నుల మీద ఆధారపడి యుండును. నేనీ సంగతిని నష్టపడిన పిదపనే నేర్చుకొన్నాను. నా నష్టమును మీకు చెప్పుట వలన మీ యూరి పాటలకైనను మేలు కలుగవచ్చునని చెప్పుచున్నాను.

మాది పోచారము. ఎల్లారెడ్డి నుండి మెదకునకు పోవు బాటలో, మంజీరలో కలియు ఆలేరు వాగునకు అడ్డముగా 1916 మొదలు 1922 వఱకు కట్టిన జలాశయము మా యూరి పేరనే ప్రసిద్ధి. 2013వ సంవత్సరమున మా భజన మేళమువారు పాడిన పదునొకండు కీర్తనలను నేను నా కంప్యూటరులో రికార్డు చేసితిని. ముందుండి పాడినవారు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధులు. ఊరివారమందఱము వారిని తాత యనియే పిలిచెడివారము. గుడిలోని హార్మోనియము పెట్టెకు తిత్తి చినిగి యుండెను. అందుచేత దానిని వాయించు పెద్దమనిషి ముందు ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు నుంచి, కంప్యూటరులో హార్మోనియపు నాదము నిచ్చు నొక ప్లగిన్నును తగిలించితిని. అది ఎవరో ఉచితముగా పంచిపెట్టినది. కీర్తనలు చక్కగా కుదిరినవి. సీ.డీ.లు చేసి ఊరిలో పంచుదమనుకొంటిమి. నాట్లని, కోతలని, పెండ్లిండ్లని ఆ పని వాయిదా పడుచు వచ్చి, తుదకు మఱపున పడినది.

2021లో తాత కాలము చేసిరి. ఏడాది తిరిగి సంవత్సరీకము వచ్చినప్పుడు, ఆనాడు ఇంటిలో తండ్రి గొంతు వినిపింపవలెనని వారి కుమారుడు నన్ను కోరెను. నేను పాత కంప్యూటరు చెడిపోగా క్రొత్తది కొని, పాత ఫైళ్లన్నిటిని అందులోనికి మార్చుకొని యుంటిని. నిర్భయముగా మొదటి కీర్తనను తెఱచితిని. తెఱ మీద "ప్లగిన్ దొరకలేదు" అను మాట వచ్చెను. తాత గొంతు వినబడినది, తాళములు వినబడినవి, హార్మోనియము మాత్రము మూగవోయినది. ప్రక్కన కూర్చున్న వారి భార్య, మా అవ్వ, కొంతసేపు విని, "గొంతు ఆయనదే బిడ్డా. కాని ప్రక్కన ఎవరును లేనట్లున్నది" అనెను.

ఆ మాటకు నేను బదులు చెప్పలేకపోయితిని. పెట్టె యెందుకు మూగవోయినది? దీనిని తెలిసికొనుటకు ముందు ఆ సాఫ్టువేరు పనిచేయు తీరు తెలియవలెను.

ఈ సంగీతపు సాఫ్టువేరును ఆ పనివారు డి.ఏ.డబ్ల్యు. అని క్లుప్తముగా పిలుతురు. క్యూబేస్, లాజిక్, ప్రో టూల్స్, ఎబుల్టన్ లైవ్, ఎఫ్.ఎల్. స్టూడియో, రీపర్ అనునవి అట్టివి. ప్లగిన్నులకు తనలో చోటిచ్చి పని చేయించునది గనుక దీనిని హోస్టు, అనగా అతిథులకు చోటిచ్చు గృహస్థు, అని కూడ అందురు. మనకు తెలిసిన వస్తువులలో దీనిని ట్రాక్టరుతో పోల్చవచ్చును. ట్రాక్టరు తనంతట తాను దున్నదు, విత్తదు. దాని వెనుక నున్న మూడు చేతులకు నాగలి బిగించినచో దున్నును. గొఱ్ఱు బిగించినచో విత్తును. రోటవేటరు బిగించి షాఫ్టు కలిపినచో మట్టిని పొడి చేయును. బలము ట్రాక్టరుది, పనితనము పరికరముది. అట్లే హోస్టు ధ్వనిని ప్లగిన్నున కందించును. ప్లగిన్ను దానిని మార్చి తిరిగి యిచ్చును.

కంప్యూటరునకు ధ్వని యనగా అంకెల వరుస. సీ.డీ. కొఱకు ఒక్క సెకను ధ్వనిని 44,100 మాఱులు కొలిచి, ఆ కొలతలను వ్రాసి యుంచెదరు. హోస్టు ఈ యంకెలను కొన్ని వందల చొప్పున కట్టలు కట్టి ప్లగిన్నునకు పంపును. తరువాతి కట్ట వచ్చు లోపల ప్లగిన్ను తన లెక్క ముగించి యీయవలెను. ఆలస్యమైనచో చెవికి చిటపట చప్పుడు వినబడును. కంప్యూటరు బలము చాలనప్పుడు పాట నడుమ తెగిపోవుటకు కారణమిదియే.

ప్లగిన్నులు రెండు విధములు. మొదటివి ఉన్న ధ్వనిని మార్చునవి. రెండవవి ధ్వనిని పుట్టించునవి, అనగా వాద్యములు. ఇక్కడ నొక సూక్ష్మము గలదు. మైకు ముందు పాడినప్పుడు ఆ గొంతే ఫైలులో నిలుచును. కీబోర్డును కంప్యూటరునకు కలిపి వాయించినప్పుడు ఫైలులో నిలుచునవి ఆజ్ఞలు మాత్రమే: ఏ మెట్టు, ఎంత బలముగా, ఎప్పుడు నొక్కబడెను, ఎప్పుడు విడువబడెను అని. వాద్యముల కంపెనీలు కొన్ని కలిసి 1983లో ఏర్పఱచుకొన్న మిడి యను పద్ధతి ప్రకారము ఆ యాజ్ఞలు వ్రాయబడును. కాగితము మీద సరిగమలు వ్రాసినంత మాత్రమున వీణ మ్రోగదు గదా. చూచి వాయించుటకు వాద్యము కావలెను. నా ఫైళ్లలో హార్మోనియపు స్వరములన్నియు చెక్కుచెదరక యున్నవి. వానిని మ్రోగించు ప్లగిన్నే క్రొత్త కంప్యూటరులో లేదు. పెట్టె మూగవోవుటకు కారణమిది.

అట్లయిన ఆ ప్లగిన్నును మరల తెచ్చి పెట్టిన చాలదా? నేనును అట్లే తలచి, పాత డిస్కులలో వెదకి తెచ్చి పెట్టితిని. క్రొత్త హోస్టు దానిని గుర్తింపలేదు. దాని జాతియు ఈడును వేఱగుటయే కారణము.

ముందు జాతి సంగతి చెప్పెదను. పెద్ద ట్రాక్టరు చేతులకు చిన్న ట్రాక్టరు నాగలి మేకులు సరిపడవు. నాగలి మంచిదే, ట్రాక్టరు మంచిదే, కూడలి కుదరదు. ప్లగిన్నునకును హోస్టునకును నడుమ నున్న కూడలి కొలతనే ప్లగిన్ను ఫార్మాటు అందురు. వీనిలో మిక్కిలి వ్యాపించినది వి.ఎస్.టి. జర్మనీ దేశమున హాంబర్గు నగరములోని స్టైన్‌బర్గు కంపెనీ తన క్యూబేసు కొఱకు 1996లో దీనిని వెలువరించి, ఇతరులును ఇదే కొలతతో ప్లగిన్నులు చేయుటకు వీలిచ్చెను. మనము క్యాసెట్టు నెఱుగుదుము. 1963లో ఫిలిప్సు కంపెనీ దానిని వెలువరించి, తక్కిన కంపెనీలు కూడ అదే కొలతతో చేసికొనుటకు అనుమతించెను. అందుచేతనే ఏ కంపెనీ క్యాసెట్టయినను ఏ కంపెనీ టేపురికార్డరులోనైనను పాడినది. మన యెల్లమ్మ కథలు, మల్లన్న కథలు ఊరూర మ్రోగినవి. వి.ఎస్.టి. వ్యాపించుటకును ఇట్టి యనుమతియే కారణము. తొలుత అది ధ్వనిని మార్చు ప్లగిన్నులకే పనికివచ్చెడిది. 1999లో వచ్చిన రెండవ రూపమునకు మిడి యాజ్ఞలను గ్రహించు శక్తి కలిగినందున, వాద్యపు ప్లగిన్నులు పుట్టినవి. 2008లో మూడవ రూపము వచ్చినది.

తక్కిన కంపెనీలు తమ త్రోవ తాము పట్టినవి. ఆపిల్ కంపెనీ తన కంప్యూటర్లకు ఆడియో యూనిట్స్ అను జాతిని ఏర్పఱచుకొన్నది. దాని లాజిక్ ఆ జాతి ప్లగిన్నులనే గ్రహించును. విండోసు కంప్యూటర్లలో ఆ జాతి పనిచేయదు. స్టూడియోలలో పేరుగన్న ప్రో టూల్సు 2011లో ఏ.ఏ.ఎక్స్. అను జాతిని తెచ్చి, 2013లో వచ్చిన తన పదునొకండవ రూపము నుండి దానిని మాత్రమే అంగీకరించుచున్నది. లినక్సు వాడువారికి ఎల్.వి.2 అను జాతి కలదు. 2022లో బెర్లిను నగరమునకు చెందిన బిట్‌విగ్, యు-హీ అను రెండు కంపెనీలు కలిసి క్లాప్ అను జాతిని వెలువరించి, రుసుము లేకుండ ఎవరైనను వాడుకొనవచ్చుననినవి. రీపర్ వంటి కొన్ని హోస్టులు పెక్కు జాతులకు తలుపు తెఱచి యుంచును. కొన్ని తమ జాతికి తప్ప తెఱవవు. కావున మీ పిల్లలు ప్లగిన్ను కొందుమన్నప్పుడు, దాని నాదమెట్లున్నదని అడుగుటకు ముందు, అది యే జాతిది, మన హోస్టు ఆ జాతిని పట్టునా యని యడుగుడు.

ఇక ఈడు సంగతి. పూర్వపు ప్లగిన్నులు 32 బిట్ల లెక్కతో చేయబడినవి. ఆ లెక్కలో ఒక ప్రోగ్రాము 4 జి.బి.ని మించిన మెమొరీని వాడుకొనజాలదు. వేలకొలది ధ్వనుల నొక్కసారి మోయవలసిన వాద్యములకు అది చాలదు. అందుచేత హోస్టులు క్రమముగా 64 బిట్లకు మాఱినవి. ఆపిల్ కంపెనీ 2019లో వెలువరించిన తన వ్యవస్థలో 32 బిట్ల ప్రోగ్రాములను పూర్తిగా మానిపించెను. స్టైన్‌బర్గు కంపెనీ 2018లో వి.ఎస్.టి. రెండవ రూపపు సామగ్రిని క్రొత్తవారికి ఇచ్చుట నిలిపివేసెను. పాత ప్లగిన్నునకు క్రొత్త హోస్టునకు నడుమ వంతెన వేయు సాఫ్టువేరులు కొన్ని కలవు. కాని ఆ వంతెన అన్నివేళల నిలుచునను నమ్మకము లేదు. నా హార్మోనియపు ప్లగిన్ను 32 బిట్లది, రెండవ రూపమునకు చెందినది. చేసినవారు దానిని క్రొత్త లెక్కకు మార్చలేదు. ఊరక వచ్చిన దానిని మార్చి యిమ్మని అడుగు హక్కు నాకును లేదు.

ప్లగిన్నే కాదు, హోస్టే మూతపడుటయు కలదు. పెక్కుమంది వాడుచుండిన సోనార్ అను హోస్టును 2017 నవంబరులో దాని యజమానులు ఇక చేయమని ప్రకటించిరి. 2018లో బ్యాండ్‌ల్యాబ్ అను కంపెనీ దానిని తీసికొని, కేక్‌వాక్ పేర ఉచితముగా నిచ్చెను గనుక దానిని నమ్మినవారికి ఊఱట కలిగినది. అన్ని హోస్టులకు అట్టి యదృష్టము పట్టునని తలపరాదు.

ఇప్పుడు కొసరును గూర్చి చెప్పెదను. ఈ వ్యాపారములో కొసరు రెండు తీరుల వచ్చును. కీబోర్డో, మైకును కంప్యూటరునకు కలుపు పెట్టెయో కొన్నప్పుడు, ఎబుల్టన్ లైవ్ లైట్, క్యూబేస్ ఎల్.ఇ. వంటి చిన్న హోస్టులే కొసరుగా వచ్చుట యొకటి. హోస్టుతో పాటు ప్లగిన్నులు, ధ్వనికోశములు కొసరుగా వచ్చుట రెండవది. ఒకే హోస్టును తక్కువ ధరకు తక్కువ కొసరుతోను, ఎక్కువ ధరకు ఎక్కువ కొసరుతోను అమ్ముదురు. రీపర్ వంటివానిలో ధ్వనిని దిద్దు పరికరములు సమృద్ధిగా నుండి, వాద్యములు స్వల్పముగా నుండును. లాజిక్ వంటివానిలో వాద్యములు రాశులుగా నుండును. ఆ ధ్వనికోశమంతయు దింపుకొనుటకు పదుల జి.బి.ల చోటు కావలెను. ఆపిల్ వారి గ్యారేజ్‌బ్యాండు వారి కంప్యూటరు కొన్నవారికి ఉచితము. ఆడాసిటీ యెవరికైనను ఉచితమే. కాని అది ధ్వనిని మార్చు ప్లగిన్నులనే గాని వాద్యపు ప్లగిన్నులను పట్టదు.

కొసరులో వచ్చు పరికరములను చులకనగా చూడరాదు. ఒక పల్లె భజనను చక్కగా వినిపించుటకు కావలసినవన్నియు ప్రాయికముగా అందులోనే యుండును. ఈక్వలైజరు మంద్రము నుండి తారము వఱకు గల ధ్వని పాళ్లలో కావలసినదానిని పెంచి, అక్కఱలేనిదానిని తగ్గించును. ఫ్యాను రొద, మైకునకు తగిలిన గాలి చప్పుడు దీనితో అణగును. రివర్బు అనునది గొంతునకు గుడి మంటపములో పాడినట్టి మ్రోతను చేర్చును. కంప్రెసరు పనిని మా యూరివారికి నేనిట్లు చెప్పుదును. చెఱువు నిండుగ నున్నప్పుడు తూము తలుపును కొంత దించి, నీరు తగ్గినప్పుడు ఎత్తి, కాలువలో పాఱుదలను ఒకే తీరున నుంచు మనిషిని మీరు చూచినారు. పాడువాడు ఒక చరణమును ఎలుగెత్తియు, మఱియొకదానిని మెల్లగాను పాడినప్పుడు, హెచ్చు ధ్వనిని అణచి రెండింటిని దగ్గఱ చేయుట కంప్రెసరు పని. తలుపును మఱీ దించినచో కాలువ యెండును. కంప్రెసరును మఱీ బిగించినచో పాటలో ప్రాణము పోవును.

కొసరునకు మఱియొక గుణము కలదు. హోస్టు ఉన్నంత కాలము అది హోస్టుతోనే వచ్చును గనుక, పాత పాటను తెఱచినప్పుడు "దొరకలేదు" అనుట అరుదు. కాని సాధారణముగా అది ఆ హోస్టును విడిచి రాదు. లాజిక్‌లోని కొసరు క్యూబేసులో పనిచేయదు. ఎబుల్టన్ లైవ్‌లోనిది రీపరులో పనిచేయదు. ఇల్లు మార్చువాడు గోడకు కట్టిన అల్మారాను వెంట తీసికొనిపోజాలడు గదా. ఇదియు అట్టిదే.

ఇంతకంటె పెద్ద చిక్కొకటి యున్నది. ఈ కొసరును కూర్చినవారు ముఖ్యముగా పడమటి దేశముల సంగీతమును మనసున నుంచుకొని కూర్చిరి. అందులో పియానో, గిటారు, వారి డ్రమ్ములు విస్తారముగ నుండును. మన డప్పునకు, ఒగ్గు కథ డోలునకు, కిన్నెరకు అందులో చోటు దొరకుట కష్టము. పన్నెండు మెట్ల కిన్నెరను వాయించు దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. అట్టి నాదమును కోరి కొసరు పెట్టెను వెదకువానికి నిరాశయే మిగులును. మఱి గొంతును సరిదిద్దు పరికరములున్నవి. భూమిలోని చమురును కనుగొనుటకు ధ్వనితరంగములను పరిశీలించు పనిలో నుండిన ఆండీ హిల్డ్‌బ్రాండ్ అను అమెరికా దేశస్థుడు 1997లో ఆటో-ట్యూన్ అను ప్లగిన్నును తెచ్చెను. అట్టివి నేడు అనేక హోస్టులలో కొసరుగా వచ్చుచున్నవి. ఇవి స్థాయిని పన్నెండు మెట్లుగా విభజించి, మెట్టు తప్పిన స్వరమును దగ్గఱి మెట్టునకు లాగును. మన పాటలో మెట్టునకు మెట్టునకు నడుమ జాఱుట, ఊగుట తప్పు కాదు, అదియే గమకము. పరికరము దానిని తప్పుగా నెంచి సాపు చేయును. నేనొకసారి తాత గొంతు మీద దీనిని బిగువుగా పెట్టి విని, ఇది తాత గొంతు కాదని వెంటనే తీసివేసితిని. పాత గొంతులను దిద్దునప్పుడు దీనిని మెల్లగా లాగునట్లు అమర్చవలెను, లేదా మానివేయవలెను.

ఇక నా కీర్తనలకు వత్తును. స్వరములు ఫైలులో నున్నవి గనుక, ఆ యాజ్ఞలను నా హోస్టు కొసరులోని ఆర్గను వాద్యమున కిచ్చి చూచితిని. మ్రోగినది. అవ్వను పిలిచి వినిపించితిని. అవ్వ తల యడ్డముగా నూపి, "ఇది మన పెట్టె కాదు బిడ్డా" అనెను. నిజమే, అది చర్చిలో మ్రోగు నాదము.

కామారెడ్డిలో నా మిత్రుని యింట 32 బిట్ల హోస్టు గల పాత కంప్యూటరు ఒకటి మూలబడి యుండెను. దానిని దుమ్ము దులిపి నడిపించి, నా పాత ప్లగిన్నును అందులో నుంచి, కీర్తనలను ఒక్కొక్కటిగా తెఱచితిని. తొమ్మిది కీర్తనలలో హార్మోనియము పలికినది. పలికిన వెంటనే ప్రతి వాద్యమును, ప్రతి గొంతును వేఱు వేఱుగా వేవ్ ఫైళ్లుగా మార్చి యుంచితిని. వేవ్ అనునది 1991 నుండి వాడుకలో నున్న ధ్వని ఫైలు. అందులో ఆజ్ఞలుండవు, ధ్వనియే యుండును. దానిని ఏ హోస్టయినను తెఱచును. ఏ ప్లగిన్నును అక్కఱలేదు. మిగిలిన రెండు కీర్తనలకు నేను వేఱొక హార్మోనియపు ప్లగిన్నును వాడి యుంటిని. దాని డిస్కు దొరకలేదు. వాయించిన పెద్దమనిషిని మరల వాయింపుమందమన్నను, కీళ్లవాతముచే వారి వ్రేళ్లు వంగుట లేదు.

అప్పుడు మాకొక యుపాయము తోచినది. గుడిలోని పెట్టెకు తిత్తి మార్పించితిమి. ఒక్కొక్క మెట్టును మెల్లగాను, గట్టిగాను నొక్కి, ఆ నాదములను మైకుతో రికార్డు చేసితిని. హోస్టు కొసరులో శాంప్లరు అను పరికరము కలదు. అది మనమిచ్చిన ధ్వనులను మెట్లకు అంటగట్టి, ఆజ్ఞలు వచ్చినప్పుడు మ్రోగించును. అందులో మా గుడి పెట్టె నాదములను పెట్టి, ఆ రెండు కీర్తనల ఆజ్ఞలను దాని కిచ్చితిని. 2013లో ఆ పెద్దమనిషి వ్రేళ్లు నొక్కిన స్వరములే మా గుడి పెట్టెలో పలికినవి. ఆయన వచ్చి విని మాటాడక కూర్చుండెను. అవ్వ విని, "పెట్టె మనదే గాని, గాలి కొంచెము తక్కువైనది" అనెను. అదియు నిజమే, తిత్తి ఊదు చేతి వాటమును నేను రికార్డు చేయలేకపోయితిని.

పదునొకండింటికి తొమ్మిది పూర్తిగా, రెండు కొంత కొఱతతో దక్కినవి. పాడిన దినముననే పావుగంట కూర్చుండి వేవ్ ఫైళ్లు చేసి యున్నచో ఈ ప్రయాస లేదు. ఆ పావుగంటను నేను తొమ్మిదేండ్లు వాయిదా వేసితిని.

అందుచేత మీ యూళ్లలో పాటలు రికార్డు చేయు పిల్లలతో ఈ కొన్ని మాటలు చెప్పుడని ప్రార్థించుచున్నాను. మొదటిది: పాట ముగిసిన నాడే ప్రతి గొంతును, ప్రతి వాద్యమును ఏ పరికరమును తగిలింపని ముడిరూపమున నొకసారియు, దిద్దిన రూపమున నొకసారియు వేవ్ ఫైళ్లుగా తీసి యుంచవలెను. అన్నియు పాట మొదటి నుండియే మొదలగునట్లు తీసినచో, రేపు ఏ హోస్టులో పెట్టినను ఒకదానితో నొకటి కలియును. రెండవది: ఏ హోస్టు, ఏ ప్లగిన్ను, ఏ జాతి, ఎన్నవ రూపము, పాట శ్రుతి యేది, పాడినవారెవరు అను వివరములను కాగితము మీద వ్రాసి యుంచవలెను. మూడవది: కంప్యూటరులో నొకటి, విడి డిస్కులో నొకటిగా రెండు ప్రతులుంచి, ఒకదానిని వేఱొకరి యింట దాచవలెను. నాల్గవది: ముందు కొసరులోని పరికరములను బాగుగ నేర్చి, అవి చాలవని తేలిన పిదపనే వెలుపలివి కొనవలెను. దొంగ నకళ్ల జోలికి పోరాదు. వానితో పాటు కంప్యూటరును పాడుచేయు ప్రోగ్రాములు వచ్చుట తఱచు. ఐదవది: డప్పు, డోలు, కిన్నెర వాయించువారి యొద్దకు పోయి, వారి యనుమతి పొంది, వారికి తగిన ప్రతిఫలమిచ్చి, ఆ నాదములను ఒక్కొక్క దెబ్బగా రికార్డు చేసి శాంప్లరులో నింపుకొనవలెను. వాయించినవారి పేరు ఆ ధ్వనికోశమునకు పెట్టవలెను. కొసరులో లేని మన వాద్యములను కొసరులో చేర్చుకొనుటకు ఇది మన చేతిలో నున్న మార్గము.

పెద్దలకు ఇందులో పనియేమని యడుగుదురేమో. కంప్యూటరు మీటలు నొక్కు పని పిల్లలది. అడుగవలసిన పని మనది. పాట రికార్డు చేసి తెచ్చి వినిపించిన పిల్లవానిని మెచ్చుకొని, వెంటనే "దీనిని వేవ్‌గా తీసితివా నాయనా?" అని యడుగుడు. విత్తనపు గింజలను వేఱుగా తీసి దాచని రైతును మన పూర్వులు మందలించెడివారు. పాటకును ఆ జాగ్రత్తయే కావలెను. హోస్టులు మాఱును, ప్లగిన్నుల జాతులు పుట్టును, గిట్టును. వానిని ఆపుట మన తరము కాదు. మన ముందర పాడిన గొంతును, వాయించిన వ్రేళ్లను వాని పాలు చేయకుండుట మాత్రము మన తరమే.

మొన్నటి సంవత్సరీకమునాడు మా తాత యింట పదునొకండు కీర్తనలును మ్రోగినవి. ఇప్పుడవి నా యింట నొక ప్రతి, గుడి బీరువాలో నొక ప్రతి, కామారెడ్డిలోని మిత్రుని యొద్ద నొక ప్రతి యున్నవి. బీరువా తాళపు చెవి అవ్వ యొద్దనే యున్నది.